సాల్ట్ లేక్ స్టేడియం: నేను చూసిన రెండు ఆటలు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి "సుబేదార్ సాబ్, ఈసారి మీరు కాసేపు మాట్లాడాలి, మీకు బాగా తెలిసినదేదైనా చెప్పండి" అన్నారు. నాకు తెలిసినవి రెండే. ఒకటి కాంక్రీటు, రెండు ఫుట్‌బాల్. మద్రాస్ సాపర్స్‌లో ఇరవై నాలుగేళ్ళు చేసినవాణ్ణి, ఇంకేం తెలుస్తుంది? అందుకని ఆ రెండూ కలిసేచోటు గురించి చెబుతాను. కలకత్తాలో సాల్ట్ లేక్ స్టేడియం. దాని అసలు పేరు వివేకానంద యువభారతి క్రీడాంగన్. మన సేనలు నడిపే డ్యూరాండ్ కప్పు 1888లో సిమ్లాలో పుట్టి, ఢిల్లీలో ఏళ్ళ తరబడి ఆడి, 2019లో కలకత్తా చేరింది. అప్పటినుంచి దాని ఫైనళ్ళు ఈ స్టేడియంలోనే జరుగుతున్నాయి. కాబట్టి ఇది మనకు పరాయి మైదానం కాదు.

అది నిలిచిన నేల ఒకప్పుడు ఉప్పునీటి చిత్తడి. డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు తలపెట్టిన పథకం ప్రకారం 1960లలో హుగ్లీ నది అడుగునుంచి తోడిన పూడికను గొట్టాల ద్వారా తెచ్చి పోసి, ఆ చిత్తడిని పూడ్చి ఊరు లేపారు. అలాంటి నేలమీద మూడంతస్తుల గ్యాలరీలతో అంత బరువు నిలబెట్టడమంటే మాటలు కాదు. సాపర్‌గా చెబుతున్నాను, ఆ పునాదులు వేసినవాళ్ళకు ఒక సెల్యూట్ కొట్టవచ్చు. 1984 జనవరిలో ప్రారంభమైంది. లక్షా ఇరవై వేలమంది పట్టే మైదానం. కూర్చోడానికి కుర్చీలు లేవు, సిమెంటు మెట్లే. పేపరు పరుచుకుని కూర్చునేవాళ్ళం.

ఇక్కడ ఒక చేదు విషయం కూడా చెప్పాలి. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆట చూడ్డానికి వెళ్ళినవాళ్ళలో పదహారుమంది గొడవలో, తొక్కిసలాటలో చనిపోయారు. కలకత్తాలో ఇప్పటికీ ఆ రోజున వాళ్ళను తలుచుకుంటారు. నేను కలకత్తా పోస్టింగుకు వెళ్ళినప్పుడు ఈ సంగతి విన్నాను. విని వదిలేశాను. ఎందుకు వదిలేశానా అని తర్వాత అనుకున్నాను.

1997లో నేను ఫోర్ట్ విలియంలో ఉన్నాను. ఇప్పుడు దాన్ని విజయ్ దుర్గ్ అంటున్నారు. జూలై 13, ఆదివారం. ఫెడరేషన్ కప్పు సెమీ ఫైనల్, మళ్ళీ అవే రెండు జట్లు. మోహన్ బగాన్‌కు అమల్ దత్తా కోచ్, ఈస్ట్ బెంగాల్‌కు పి.కె. బెనర్జీ. ఊరంతా వారం రోజులుగా అదే మాట. నేను ఈస్ట్ బెంగాల్ పక్షం. కారణం పెద్దదేం కాదు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టుకే ఆడాడు. మా నాన్న ఆయన ఆట గురించి చెప్పగా చెప్పగా నాకూ ఆ పిచ్చి అంటుకుంది. పైగా ఈస్ట్ బెంగాల్ వాళ్ళ చేప ఇలిష్. అంటే మన గోదావరి పులసే! ఇక వేరే పార్టీలో ఎలా చేరతాను?

తొమ్మిదేళ్ళ మావాణ్ణి వెంటబెట్టుకుని సిటీ బస్సెక్కి వెళ్ళాను. ఆ రోజు లోపలున్నది 1,31,781 మంది. అది తర్వాత పేపర్లో చూశాం. లోపలున్నప్పుడు లెక్క తెలియదు, ఊపిరి మాత్రం తెలుస్తుంది. మెట్టుమీద ఇద్దరి చోట ముగ్గురం. పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. భైచుంగ్ భూటియా మూడు గోల్స్ కొట్టాడు. 4-1తో ఈస్ట్ బెంగాల్ గెలిచింది. అంత అరుపు నేను మళ్ళీ వినలేదు.

ఆట అయ్యాక దిగుతుంటే జనం నెట్టుకొచ్చారు. ర్యాంపు మలుపులో మావాడి చెయ్యి జారిపోయింది. తప్పు నాదే. గెలిచిన సంబరంలో రెండో చేత్తో ఎవరినో కౌగలించుకున్నాను. వెనక్కి తిరిగితే వాడు లేడు. వెనక్కి వెళ్దామంటే వీల్లేదు, జనమే నన్ను మోసుకుపోతున్నారు. సర్వీసులో ఎన్నో చూశాను గానీ ఆ నలభై నిమిషాల భయం ఎక్కడా పడలేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆ పదహారుమంది సంగతి. చివరికి గేటు బయట వేరుశనగకాయలమ్మే ముసలాయన దగ్గర, ఆయన బుట్ట పక్కన కూర్చుని కాయలు వొలుచుకుంటున్నాడు మావాడు. ఆయన డబ్బులు తీసుకోలేదు. "ఖోకా బాగా ఏడ్చాడు" అన్నాడంతే. మా ఆవిడకు ఈ సంగతి మూడేళ్ళు చెప్పలేదు. ఇక్కడే ముందు వరుసలో కూర్చుంది, ఇప్పటికీ ఆ చూపే చూస్తోంది.

ఇక మరమ్మతుల సంగతి. 2017లో అండర్-17 ప్రపంచ కప్పు మన దేశంలో జరిగింది. దానికోసం స్టేడియాన్ని బాగుచేశారు. సిమెంటు మెట్లమీద విడివిడిగా బకెట్ సీట్లు బిగించారు. డ్రెస్సింగు రూములు కొత్తవి చేశారు. అంతకుముందు కొన్నేళ్ళు ఉన్న ప్లాస్టిక్ పచ్చిక పీకేసి అసలు గడ్డి వేశారు. బెర్ముడా గడ్డి. పేరు చూసి కంగారు పడకండి, మన వినాయకచవితి గరిక జాతే అది. తొక్కినా చావదు, పాకుతూ మళ్ళీ లేస్తుంది. ఎండకు ప్లాస్టిక్ పచ్చిక కాలుతుంది, జారిపడితే మోకాలి తోలు ఊడుతుంది. గడ్డికైతే పైన కనబడేదానికంటే కింద కనబడని పని ఎక్కువ. ఇసుక, కంకర, నీళ్ళు పోయే గొట్టాలు సరిగ్గా ఉంటేనే బెంగాల్ వానకు మైదానం నిలుస్తుంది. ఆ ప్రపంచ కప్పులోనే గువాహటిలో వానకు గ్రౌండు పాడైతే, బ్రెజిల్, ఇంగ్లండ్ సెమీ ఫైనల్‌ను ఉన్నపళంగా కలకత్తాకు మార్చారు. అక్టోబర్ 25న ఆట, మూడు రోజుల్లో, 28న ఫైనల్. ఇంగ్లండ్ రెండు గోల్స్ వెనకబడి కూడా స్పెయిన్‌ను 5-2తో ఓడించింది. గడ్డి తట్టుకుంది. నా దృష్టిలో ఆ కప్పులో అసలు విజేత ఆ గరికే.

ఆ ఫైనల్ చూసినవాళ్ళు 66,684 మంది. అంటే 1997లో ఉన్నవాళ్ళలో దాదాపు సగం. పాత అభిమానులు దీనిమీద చాలా బాధపడ్డారు. పేదవాడి మైదానం పోయిందన్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను, అబద్ధమెందుకు.

2023 సెప్టెంబర్ 3న డ్యూరాండ్ ఫైనల్‌కు వెళ్ళాను. మళ్ళీ అవే రెండు జట్లు! మావాడు కలకత్తాలోనే బ్యాంకులో చేస్తున్నాడు. వాడూ, ఏడేళ్ళ మనవడూ, నేనూ. టికెట్టు మీద గేటు, వరుస, సీటు నంబర్లున్నాయి. ముగ్గురికీ మూడు సీట్లు. మోహన్ బగాన్ ఒకడు తక్కువై పదిమందితో ఆడి కూడా పెట్రాటోస్ గోలుతో 1-0 గెలిచింది. పులస ఓడింది, రొయ్య గెలిచింది. అరుపు మునుపటంత లేదు, నిజమే. "తాతా, నాన్న ఎక్కడ తప్పిపోయాడు?" అని అడిగాడు మనవడు. ఆట అయ్యాక ఆ ర్యాంపు వెతుక్కుంటూ వెళ్ళి చూపించాను. మావాడు ఆ మలుపులో ఏమీ మాట్లాడకుండా కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆ రోజు నాకు సగం సీట్లు పోయాయన్న బాధ పోయింది.

అయితే సీట్లు బిగిస్తే అంతా అయిపోదు. 2025 డిసెంబర్ 13న మెస్సీ వచ్చినప్పుడు ఏం జరిగిందో మీరంతా టీవీలో చూశారు. వేలకు వేలు పెట్టి టికెట్లు కొన్నవాళ్ళకు, ఆయన చుట్టూ మూగిన పెద్దమనుషుల వీపులే కనబడ్డాయి. ఆయన కాసేపటికే వెళ్ళిపోయాడు. జనం ఆ బకెట్ సీట్లే పీకి మైదానంలోకి విసిరారు, కంచె దాటి గడ్డిమీద పడ్డారు. ఆ రాత్రి మావాడు ఫోను చేశాడు. మనవడు పోరుపెట్టినా టికెట్టు ధర చూసి కొనలేదట. "నాన్నా, ఇవాళ మన ర్యాంపు గుర్తొచ్చింది" అన్నాడు.

డ్యూరాండ్‌కు వెళ్ళాలనుకునే కుటుంబాలు ఎవరైనా ఉంటే సభ అయ్యాక నన్ను కలవండి. మావాడి నంబరిస్తాను, టికెట్ల సంగతి వాడు చూస్తాడు. చిన్నపిల్లలు ఉంటే జేబులో ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. జై హింద్.