రాష్ట్రం విడిపోయేటప్పుడు మాకు పదహారేళ్ళు

ఈరోజు 2013 గురించి మాట్లాడుకుందాం. మాది మంత్రాలయం. ఆ ఏడాది జూన్‌లో కర్నూలులో ఇంటర్ ఫస్ట్ ఇయర్ చేరినా. జూలై 30న ఢిల్లీలో కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తెలంగాణ ఇస్తామని తీర్మానం చేసింది. అంతే, మా క్లాసులు ఆగిపోయినాయి.

ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి ఎన్జీవోల సమ్మె. సీమ, కోస్తా 13 జిల్లాల్లో ఆర్టీసీ బస్సులు డిపోల్లోనే, అక్టోబర్ దాకా. హాస్టల్ ఖాళీ చేసి ఇంటికొచ్చేసినాం. ఆ సమ్మె మధ్యలోనే రాఘవేంద్రస్వామి ఆరాధన వచ్చింది. మా ఊర్లో పూలమ్మేవాళ్ళకి, టిఫిన్ బండ్లోళ్ళకి ఆరాధనంటే పంట చేతికొచ్చినట్టు. ఆ ఏడాది రైల్లో వచ్చి, మంత్రాలయం రోడ్ స్టేషన్ నుంచి ఆటోలు పట్టుకున్నవాళ్ళనే నమ్ముకున్నారు. అయినా సాయంత్రమైతే వాళ్ళే ర్యాలీలో ముందుండేవాళ్ళు.

ఎందుకంత కోపం? దానికి పాత లెక్క ఒకటి ఉంది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలే. డేరాల్లో ఆఫీసులు నడిచినాయి. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ వచ్చి రాజధాని హైదరాబాద్ పోయింది. ‘కలిసుండడానికి ఒకసారి రాజధాని ఇచ్చేసినాం, ఇప్పుడు ఆ హైదరాబాద్ కూడా పోతాందా’ అని మా పెద్దోళ్ళ బాధ.

మా బాధ వేరే. మాకు హైదరాబాదంటే అమీర్‌పేట కోచింగ్, తర్వాత సాఫ్ట్‌వేర్ జాబ్.

మా క్లాసులో అలంపూర్ వైపు నుంచి వచ్చే వాడొకడు ఉండేవాడు. తుంగభద్ర దాటితే వాళ్ళది మహబూబ్‌నగర్ జిల్లా. మేము సమైక్యాంధ్ర అని అరుస్తుంటే వాడు గమ్మున ఉండేవాడు. ఒకరోజు అడిగినాడు:

“హైదరాబాద్ మీకెందుకురా?”

“ఉద్యోగం కోసం.”

“మాకూ అందుకే కదరా తెలంగాణ.”

వాడి మాట వెనక కూడా పాత లెక్కే ఉంది. తెలంగాణ పోస్టుల్లో చేరిన నాన్‌లోకల్ ఉద్యోగుల్ని వెనక్కి పంపమని 1985లో 610 జీవో ఇచ్చినారు. దాన్ని సరిగ్గా అమలు చేయలేదన్నది వాళ్ళ కోపం.

ఇంకో సంగతి. ‘హైదరాబాద్ కాలేజీల్లో సీట్లు పోతాయి’ అని మమ్మల్ని భయపెట్టినారు. 371డి ప్రకారం మేము ఎస్వీయూ లోకల్, వాళ్ళు ఓయూ లోకల్. 85 శాతం సీట్లు ముందునుంచీ ఎవరి లోకల్ వాళ్ళవే. మిగతా 15 శాతం ఓపెన్ కోటా విభజన చట్టంతో ఇంకో పదేళ్ళు కొనసాగింది. ఈ మాట ఆ రోజు మైకులో ఎవరూ చెప్పలేదు.

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. 2015లో ఎంసెట్ కూడా రెండయింది. నేనొకటి రాస్తే వాడొకటి రాసినాడు. బీటెక్ అయినాక ఇద్దరం హైదరాబాద్‌లోనే తేలినాం. ప్రైవేట్ కంపెనీ ఇంటర్వ్యూలో లోకలా, నాన్‌లోకలా అని ఎవరూ అడగలేదు.

అప్పుడు మేము అడిగింది హైదరాబాద్. ఆదోనిలోనో, ఎమ్మిగనూరులోనో పని ఎందుకు లేదని ఏ ర్యాలీలోనూ వినలేదు. అప్పుడు పుట్టిన పిల్లలు ఇంకొన్నేళ్ళలో ఇంటర్‌కొస్తారు. వాళ్ళు కూడా హైదరాబాద్‌కో, బెంగళూరుకో బస్సెక్కాల్సిందేనా? దీని గురించి మీ ఇంట్లో పెద్దోళ్ళతో ఒకసారి మాట్లాడండి. నది అవతల ఫ్రెండ్స్ ఉంటే వాళ్ళతోనూ. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.