కంప్యూటరు శాస్త్రముపై ఆసక్తి కలిగించుట యెట్లు?
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)



మన పాఠశాలలో తెలుగున చదివి కళాశాలలకు పోవుచున్న పిల్లలలో అనేకులు కంప్యూటరు శాస్త్రమును ఎన్నుకొనుచున్నారు. కాని ఆసక్తిచే చేరువారు కొందరే. ఉద్యోగము దొరకునని మనము చెప్పుటచే చేరువారే పెక్కుమంది. ఉద్యోగమును కోరుట తప్పు కాదు. కాని ఆసక్తి లేని చదువు పరీక్షతోనే ముగియును.

మొదట నా తప్పును చెప్పుకొనుట ధర్మము. కొన్ని యేండ్ల క్రిందట లెక్కలలో చురుకైన విద్యార్థి యొకడు తండ్రితో వచ్చి, ఈ శాస్త్రమున చేరవచ్చునా యని నన్నడిగెను. "నీ ఇంగ్లీషు చాలదు, వేరొకటి చూచుకొనుము" అంటిని. మారు పలుకక ఆతడు కామర్సులో చేరెను. ఇటీవల ఆతడే తన దుకాణపు బాకీల లెక్కకు స్వయముగా ఒక ప్రోగ్రాము వ్రాసికొని నాకు చూపెను. "మాస్టారూ, దీనికి పెద్ద ఇంగ్లీషేమీ పట్టలేదండీ" అన్నాడు. నిందించుటకు కాదు, సంతోషముతోనే అన్నాడు. నేను మాత్రము తలవంచుకొంటిని.

ఈ శాస్త్రమునకు మూలము యంత్రము కాదు, ఆలోచనా క్రమము. దానిని ఇంటిలోనే చూపవచ్చును. 1 మొదలు 1000 వరకు గల సంఖ్యలలో ఒకదానిని మీరు తలచుకొనుడు. "500 కంటె ఎక్కువా?" అని ప్రతిసారియు సగము తీసివేయుచు అడిగినచో, పది ప్రశ్నలలో ఆ సంఖ్య దొరకును. పది లక్షల సంఖ్యలైనను ఇరువది ప్రశ్నలే చాలును! ఇది ఎట్లు సాధ్యమని పిల్లవాడు ఆశ్చర్యపడిన నాడే వానికి శాస్త్రము పట్టుబడినది.

మన లిపియే మరియొక పాఠము. యూనికోడు సంకేత పద్ధతి 1991లో తొలిసారి వెలువడినపుడే తెలుగునకు అందు చోటు లభించినది. 'క్ష' కంటికి ఒక్క అక్షరమే. కంప్యూటరునకు కకారము, పొల్లు, షకారము అను మూడు సంకేతములు. తమిళమున పుళ్ళి పైన నిలుచును. తెలుగున ఒత్తు క్రిందికి దిగును. రెండు లిపులును నేర్చిన మన పిల్లలకు ఈ భేదము వెంటనే తెలియును. మనము లోపమని భయపడునది వారికి బలమే.

రాజ్ రెడ్డిగా ప్రసిద్ధులైన దబ్బల రాజగోపాలరెడ్డిగారు 1937లో చిత్తూరు ప్రాంతపు కాటూరు గ్రామమున జన్మించిరి. మన చెన్నైలోని గిండీ కళాశాలలో 1958లో పట్టము పొందినది సివిల్ ఇంజనీరింగున. పిదప 1966లో స్టాన్‌ఫర్డున కంప్యూటరు శాస్త్రమున డాక్టరేటు పొంది, మానవుని మాటను యంత్రము గ్రహించు విద్యలో ఆద్యులలో ఒకరైరి. 1994లో ట్యూరింగు బహుమానమును మరియొకరితో పంచుకొనిరి. ఆసక్తి మార్గమును వెదకికొనును.

తలిదండ్రులారా! కళాశాలనుండి వచ్చిన పిల్లవానిని "జీతమెంత వచ్చును?" అని అడుగుటకు ముందు "ఈ వారము ఏమి చేసితివి?" అని అడుగుడు. ఇంటి పాల లెక్కకు ఒక చిన్న ప్రోగ్రాము వ్రాయుమనుడు. దానిని తెలుగుననే వివరింపనిండు. అభిరుచి లేనివానిని బలవంతము చేయకుడు. ఉన్నవానిని, నావలె, భాష పేరిట వెనుకకు త్రిప్పకుడు.

ఇదియే నా మనవి. సెలవు.