ఏటి నీరు – నేల తీరు: విద్యార్థుల పరిశీలనము, పంచాయతీల బాధ్యత

(మెదకు పట్టణమున పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



మన ప్రాంతమునకు జీవనాధారమైన మంజీర మహారాష్ట్రములోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండలలో పుట్టి, కర్ణాటకములోని బీదరు సీమను దాటి వచ్చి, మన నేలపై ఉత్తరమునకు మలుపు తిరిగి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియుచున్నది. దాని ప్రయాణము సుమారు 724 కిలోమీటర్లు. మెదకునకు చేరువలో ఏడుపాయల వద్ద పాయలుగా చీలుచున్నది. 1905లో కట్టిన ఘనపురము ఆనకట్ట నుండి మహబూబ్ నహరు, ఫతే నహరు అను రెండు కాలువల ద్వారా మన పొలములకు నీరు పారుచున్నది. ఇవి మీకు తెలియని మాటలు కావు. మరల చెప్పుటకు కారణ మొక్కటే. మన తూములోనికి వచ్చు నీరు ఎన్ని ఊళ్లను, ఎన్ని చేలను కడిగి వచ్చుచున్నదో తెలిసికొనిన గాని దాని మంచిచెడ్డలు మనకు బోధపడవు.

విద్యార్థులను వెంటబెట్టుకొని వాగుల వెంట నడచువారము మేము. హల్దీ వంటి ఉపనదియైనను, పేరు లేని పిల్లవాగైనను పని తీరొక్కటే. గ్రామ నక్షా చేత బట్టుకొని దిగువ నుండి ఎగువకు నడువవలెను. వరి ఎక్కడ, పత్తి ఎక్కడ, బీడు ఎక్కడ, కోళ్ల ఫారము ఏ వాలులో నున్నది, ఇటుక బట్టీకి మట్టి ఎక్కడ త్రవ్విరి, ఇసుక తీసిన గుంట లెన్ని, శిఖం భూమిలో ఎంత మేర దున్నిరి – ఇవన్నియు నక్షాపై గుర్తింపవలెను. తరువాతనే నీటిని పట్టవలెను. ఊరికి ఎగువ నొక సీసా, దిగువ నొక సీసా. రెంటికిని గల భేదమే ఆ ఊరు వాగునకు కలిపినది. సీసాను అదే నీటితో ముమ్మారు తొలిచి, ప్రవాహమునకు ఎదురుగా నిలిచి, ఒడ్డున గాక నడుమ పట్టవలెను. వేసవి చివర నొకసారి, తొలి వానల తరువాత నొకసారి చేయనిదే ఫలిత మసంపూర్ణము. ఏలయన, వేసవిలో నీరు తగ్గి లవణములు చిక్కబడును. తొలి వరద పెంటకుప్పలను, చేలలోని ఎరువును, ఊరి మురుగును ఒక్కపెట్టున మోసికొని వచ్చును.

నీటి తేటదనమును కొలుచుటకు 1865లో ఇటలీ దేశమున సెక్కీ అను పండితుడు ఒక తెల్లని పళ్లెమును త్రాటికి గట్టి నీటిలోనికి దింపెను. అది కనుమరుగైన లోతే కొలత. నేటికిని ఆ పద్ధతి చెల్లుచున్నది, ఖర్చును లేదు. అయితే తేట నీరెల్ల మంచి నీరు కాదు. ఈ భ్రమ మన పల్లెలలో మిక్కిలి హాని చేసినది. ఫ్లోరైడునకు రంగు లేదు, రుచి లేదు. 1937లో నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో ఎముకలు వంగిన రైతులను చూచి వైద్యులు ఈ వ్యాధిని మన దేశమున తొలిసారి గుర్తించిరి. భారతీయ ప్రమాణము ప్రకారము లీటరునకు 1 మిల్లీగ్రాము మేలు. వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు హద్దు.

ఫ్లోరైడు రాయి ఇచ్చినది. అందుకు ఎవరిని నిందింపవలసిన పని లేదు. నైట్రేటు సంగతి వేరు. అది హెచ్చుగా పెంటకుప్ప నుండి, మరుగుదొడ్డి గుంత నుండి, మోతాదు మించిన యూరియా నుండి బోరులోనికి దిగును. దానికి హద్దు 45 మిల్లీగ్రాములు, మినహాయింపు లేదు. మలదోషమునకు మరియొక సులభ పరీక్ష కలదు. మందు గల చిన్న సీసాలో నీరు పోసి వెచ్చని చోట నుంచిన, ఒకటి రెండు దినములలో నల్లబడునేని ఆ నీటిని అనుమానింపవలెను.

పిల్లల పరీక్షలకు మితి లేకపోలేదు. నక్కవాగు కథను చూడుడు. 1970ల నుండి పటాన్‌చెరు చుట్టును కర్మాగారములు వెలసినవి. వాని వ్యర్థజలములు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీర వైపు పారినవి. బావులు చెడినవి, పొలములు చెడినవి. 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టు నెక్కినది. 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రము నుండి బయటకు వచ్చు నీటిని పరీక్షించినట్లు ప్రకటించిరి. సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు కనబడినది. ఆ మందును మ్రింగిన రోగి రక్తములో నుండుదాని కంటె అది ఎక్కువ! ఇట్టిదానిని మన చేతిపెట్టె పరీక్ష ఎన్నటికిని పట్టజాలదు. కాని వాగునకు ఎగువన ఏమున్నదో గుర్తించిన నక్షా, ఏ పరీక్ష నడుగవలెనో చెప్పగలదు. అందుచేతనే మేము సీసా కంటె నక్షాకు ముందు పీట వేయుచున్నాము.

ఒక అభ్యంతరము తరచుగ వినుచున్నాము. "మా ఊరి నీళ్లు చెడ్డవని పేరు పడిన, పిల్ల నిచ్చువారుండరు గదా!" అని. ఇది నవ్వి తీసివేయదగిన మాట కాదు; ఫ్లోరైడు పీడిత గ్రామములు ఈ బాధను నిజముగ పడినవి. అయినను దాచిన ఫలితము ఎవరి దాహము తీర్చును? గ్రామసభలో ముందుగ తామే చదివి వినిపించిన పంచాయతీని ఎవరును వేలెత్తి చూపలేరు. ఏ బోరింగు త్రాగుటకు, ఏది పశువులకు, ఏది దుస్తులు ఉదుకుటకు అని రంగుతో గుర్తు వేసిన చాలును. విద్యార్థుల లెక్క తుది తీర్పు కాదు గనుక, అనుమానము వచ్చిన నమూనాను ప్రభుత్వ ప్రయోగశాలకు పంపవలెను. 2016 నుండి మిషన్ భగీరథ నల్లాలు వచ్చినవి గదా యనవచ్చును. పొలము పనికి పోయిన కూలివారు నేటికిని దగ్గరి బోరు నీరే త్రాగుదురు.

రాజ్యాంగము 11వ షెడ్యూలులోని 29 అంశములలో త్రాగునీరు, వాటర్‌షెడ్డు అభివృద్ధి చేరియున్నవి. జలజీవన మిషను క్రింద గ్రామమున కైదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పవలెనని ఏర్పాటు కలదు. మీ ఊరిలో నేర్చినవారుండిన, వారిని విద్యార్థులతో కలుపుడు. వేసవి చివర మేము వచ్చునప్పుడు సీసాలు, పరీక్ష పెట్టెలు మేమే తెత్తుము. మీరు గ్రామ నక్షా ప్రతి యొకటి ఇచ్చి, వాగు పాత దారి నెరిగిన పెద్దమనిషి నొకరిని ఉదయము 7 గంటలకు మత్తడి వద్దకు పంపుడు.