జూనియర్ ఏడ్చినప్పుడు

 

పెండ్లిమర్రి, వేంపల్లె, జమ్మలమడుగు పల్లెల్లో తెలుగు మీడియం చదివి వచ్చినవాళ్లు ఇవాళ నర్సింగ్ పట్టాలు అందుకున్న మీలో ఉన్నారు. మొదటి ఏడాది అనాటమీ పుస్తకం తెరిచి, సగం మాటలు తలకెక్కక, హాస్టల్ బాత్‌రూములో కుళాయి తిప్పి ఏడ్చిందెవరో మీకే తెలుసు. పొద్దున వార్డు, మధ్యాహ్నం క్లాసు, రాత్రి రికార్డు రాత. వీటి నడుమ ఒకరోజు కళ్లముందే పేషెంటు పోతాడు. చేయాల్సినవన్నీ చేసి, దుప్పటి మార్చి, పక్క మంచానికి పోవడమే. ఆ రోజు గురించి మాట్లాడుకోవడానికి టైంటేబుల్లో గంట ఉండదు.

మే 12, అంతర్జాతీయ నర్సుల దినోత్సవం వస్తే అందరూ నర్సుల ఓర్పును పొగుడుతారు. ఆ పొగడ్త మీద నాకు అనుమానం. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు ఉండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్క. వార్డులో కనబడే లెక్క మీరు చూసిందే. ఆ లోటును పిల్లల ఓర్పుతో పూడ్చి, వాళ్లు అలసిపోతే గుండె నిబ్బరం లేదనడం అన్యాయం. ప్రాణాయామం చేయించండి, వద్దనను. కానీ ముందు కావలసింది నిద్ర.

మనసు విప్పి చెప్పుకునే చోటూ కావాలి. విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశంలోని విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు పైన విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. టెలీ మానస్ వంటి మానసిక ఆరోగ్య సహాయ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో పెద్దక్షరాలతో కనబడాలి. టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. యాజమాన్యాలవారు ముందు వరుసలోనే ఉన్నారు కాబట్టి ఇంకో మాట: ప్రిన్సిపాల్ గది ముందు అంటిస్తే ఎవరూ నిలబడి రాసుకోరు, హాస్టల్ మెట్ల దగ్గర అంటించండి. కౌన్సెలర్‌తో చెప్పుకున్నది ఇంటర్నల్ మార్కులు వేసే ట్యూటర్ చెవిన పడిందా, రెండోసారి ఏ పిల్లా ఆ కౌన్సెలర్ తలుపు తట్టదు.

ఇక మీ సంగతి. రేపు మీరే స్టాఫ్ నర్సులు. మొదటి ఏడాది పిల్లలు మీ వార్డుకే వస్తారు. తప్పు చేస్తే రోగి బంధువుల ముందు అరవకండి, పక్కకు పిలిచి చెప్పండి. మా సీనియర్లు మమ్మల్ని ఇంతకన్నా ఏడిపించారన్న సాకు వద్దు. వాళ్లలో ఎవరైనా తిండి మానేసి, "నేనుండి ఏం లాభం" అంటుంటే ఒంటరిగా వదలకండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనుకోవడం అపోహ. అవునంటే వెంటబెట్టుకుని సైకియాట్రీ ఓపీకి తీసుకుపోండి.

నైట్ డ్యూటీ చేసిన పిల్లను పొద్దున క్లాసుకు పంపకండి, పడుకోనివ్వండి. ట్యూటర్ అడిగితే నా పేరు చెప్పండి.