మోకులు వదిలించే షాకు



కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభ కదిలేటప్పుడు దగ్గర నిలబడి చూశారా? అంతెత్తు ప్రభ ఒరగకుండా చుట్టూ మోకులు పట్టుకుని మనుషులుంటారు. పెద్దాయన ‘హరహరా’ అని కేక వేస్తే అందరూ ఒక్క పట్టున బిగిస్తారు, ప్రభ నిటారుగా సాగుతుంది. ఆ కేక వినపడక ఎవరికి వారు తలోవైపు లాగారనుకోండి. అరచేతులు బొబ్బలెక్కుతాయి, ప్రభ మాత్రం ఉన్నచోటే ఊగుతుంది.

గుండె హఠాత్తుగా ఆగిపోయిందంటామే, చాలాసార్లు లోపల జరిగేది ఇదే. కండ ఆగదు, వణుకుతుంది. రక్తం ముందుకు పోదు. దీన్నే డాక్టర్లు ఫిబ్రిలేషన్ అంటారు. డీఫిబ్రిలేటర్ ఇచ్చే షాకు గుండెను తోసి నడిపించదు. ఒక్క క్షణం అందరిచేతా మోకులు వదిలిస్తుంది. అప్పుడు గుండెలో సహజంగా కేక వేసే చోటు మళ్లీ గొంతెత్తుతుంది. ఛాతీ నొక్కేవారు కూడా లేకపోతే, షాకు ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం నూటికి 7 నుంచి 10 వంతులు తగ్గిపోతుంది.

అందుకే ఆ షాకు మిషన్‌ను ఒంట్లోనే పెట్టాలని మిషెల్ మిరోవ్‌స్కీ అనే డాక్టరు పట్టుబట్టారు. తన గురువు ఇలాంటి గుండె దడతోనే పోయారని ఆయన బాధ. కుదరదన్నవాళ్లే ఎక్కువ. 1980 ఫిబ్రవరిలో బాల్టిమోర్‌లో మొదటిసారి మనిషికి అమర్చారు. దాన్నే ఇప్పుడు ఐ.సి.డి. అంటున్నారు.

మా పెదనాన్నకు అది పెట్టి మూడేళ్లయింది. ఎడమ జబ్బ దగ్గర, కాలర్ ఎముక కింద, చర్మం అగ్గిపెట్టె దాచినట్టు ఉబ్బి ఉంటుంది. ఆయన తిరునాళ్ల మానేశారు. ప్రభ నిండా కరెంటు దీపాలు కదా అని భయం. ఆ భయమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. దీపాలు ఆయన్నేమీ చేయవు. దూరం పాటించాల్సింది జనరేటర్‌కు, వెల్డింగ్‌కు: రెండడుగులకు తగ్గకూడదు, ఇంకా ఎడంగా ఉంటే మరీ మంచిది. పెద్ద స్పీకర్లలో అయస్కాంతం ఉంటుంది, వాటికి ఆనుకుని నిలబడకూడదు. సెల్‌ఫోను మిషన్‌కు జానెడు దూరంలో ఉండాలి, అంటే ఎడమజేబు వద్దు. తనిఖీ గేటులోంచి ఆగకుండా నడిచిపోవచ్చు. చేతి డిటెక్టర్‌ను మాత్రం మిషన్ మీద ఆనించనివ్వకుండా, ఒంట్లో మిషన్ ఉందని తెలిపే కార్డు చూపించాలి. కొండకు మెట్లెక్కాలా, ఘాట్‌రోడ్డున వెళ్లాలా అన్నది డాక్టరు చెప్పినట్టే చేయాలి.

షాకు కొడితే ఛాతీలో ఎవరో బలంగా గుద్దినట్టుంటుంది. పక్కవాళ్లు పట్టుకుంటే చెయ్యి కాస్త జివ్వుమంటుందేమో, ప్రమాదం లేదు, కాబట్టి వదిలేయకండి. ఒక్క షాకు వచ్చి మనిషి కులాసాగా ఉంటే ఆ రోజే డాక్టరుకు ఫోను చేయాలి. వెంటవెంటనే రెండు వచ్చినా, కళ్లు తిరిగినా, ఆయాసమొచ్చినా 108కి చేయాలి. మనిషి పలక్క, ఊపిరి సరిగా లేకపోతే, లోపల మిషన్ ఉంది కదా అని ఆగకుండా ఛాతీ నడుమ గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. బయటి షాకు మిషన్ తెస్తే దాని పట్టీని ఆ ఉబ్బు మీద కాకుండా పక్కగా అంటించాలి.

మొన్నటి శివరాత్రి తిరునాళ్లకు పెదనాన్న వచ్చారు. మా ఊరి ప్రభ వెనకాల జనరేటర్ బండి కనపడగానే తనే అటు పక్కకు జరిగారు. నా వైపు తిరిగి, ‘‘ఫోను కుడిజేబులోనే ఉందిలేరా’’ అన్నారు. తల మళ్లీ పైకెత్తి ప్రభ కొసను చూస్తూ నిలబడ్డారు.