గీతలు చూపినంత వరకే

 

ఇవాళ పట్టాలందుకుంటున్న మీతో ఒక్క ప్రయోగం గురించే మాట్లాడతాను. మీలో చాలామంది ఇంటర్‌లో దాని బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నవారే. అయితే ఆ బొమ్మలో లేని సంగతే నాకు అన్నిటికన్నా ఇష్టం.

డీఎన్ఏ రెండు పోగుల మెలిక అని 1953లో వాట్సన్, క్రిక్ చెప్పారు. పోగులు విడిపోతాయని, ఒక్కో పాత పోగు పక్కన ఒక్కో కొత్త పోగు తయారవుతుందని ఊహించారు. అందరూ ఒప్పుకోలేదు. పాత అణువు చెక్కుచెదరకుండా ఉండి, పక్కన పూర్తిగా కొత్తది పుట్టొచ్చు కదా? పాతా కొత్తా ముక్కలుగా కలగలిసిపోవచ్చు కదా?

కాల్‌టెక్‌లో మాథ్యూ మెసెల్సన్, ఫ్రాంక్లిన్ స్టాల్ దీని అంతు చూశారు. ఇద్దరికీ ముప్పై ఏళ్లు నిండలేదు. ఇ.కోలి బ్యాక్టీరియాను బరువైన నత్రజని-15తో 14 తరాలు పెంచి, ఒక్కసారిగా మామూలు నత్రజని-14కి మార్చారు. ఆ బ్యాక్టీరియా డీఎన్ఏను సీజియం క్లోరైడ్ ద్రావణంలో నిమిషానికి 44,770 చుట్ల వేగంతో ఇరవై గంటలు తిప్పారు. అంత వేగానికి ద్రావణం ఒక అంచున చిక్కబడి, రెండో అంచున పలచబడుతుంది. డీఎన్ఏ తన సాంద్రతకు సరిపోయే చోట నిలిచిపోతుంది. అతినీలలోహిత కాంతిలో ఫొటో తీస్తే అక్కడ సన్నని గీత పడుతుంది.

ఒక తరం గడిచాక ఒకే గీత, బరువైనదానికీ తేలికదానికీ సరిగ్గా నడుమ. పాతది చెక్కుచెదరదన్న వాదం అక్కడే పోయింది. రెండో తరానికి రెండు గీతలు: నడుమ ఒకటి, తేలికవైపు ఒకటి, సరిసమానంగా. ముక్కల వాదమూ నిలవలేదు. మిగిలింది అర్ధసంరక్షక ప్రతికృతి, అంటే వాట్సన్, క్రిక్ ఊహించిన పద్ధతి.

ఇంత తేటగా తేలినప్పుడు ఎవరైనా వాట్సన్, క్రిక్ చెప్పింది రుజువైపోయిందని రాసేస్తారు. వీళ్లు రాయలేదు. 1958లో అచ్చయిన వ్యాసంలో, ఫలితం ఆ నమూనాకు అచ్చంగా సరిపోతోందన్నారు. ఆ వెంటనే, డీఎన్ఏలోని నత్రజనిని సగంసగం పంచుకుంటున్న రెండు భాగాలు ఒంటి పోగులేనని తాము ఇంకా చూపలేదని నొక్కి చెప్పారు. నత్రజని సమానంగా రెండుగా చీలిందని గీతలు చెప్పాయి, అంతవరకే వాళ్లూ చెప్పారు. ఆ నిగ్రహానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

రేపు మీలో కొందరు థీసిస్ రాస్తారు, కొందరు రోగి రిపోర్టు మీద సంతకం పెడతారు. ఫలితం మీరు కోరుకున్నట్టే వచ్చిన రోజున ఈ వ్యాసం తీసి చదవండి. పన్నెండు పేజీలే.