చెవిలో హోరు – ఫోనులో వాన సప్పుడు

(సమాఖ్య వార్షిక మహాసభలో మా సంఘం తరఫున మాట్లాడిన మాటలు)



ప్రతి ఏడాది ఈ సభలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని చెప్తం. ఆ లెక్కలు ఈ పుస్తకంలో వేరే పేజీల్లో ఉన్నయి. ఈసారి మాకు ఇచ్చిన పది నిమిషాల్లో వేరే ముచ్చట చెప్పాలని మా సంఘమంతా కూర్చొని అనుకున్నం. అది చెవుల ముచ్చట, నిద్ర ముచ్చట. ముందుగా మేము చేసిన ఒక తప్పు ఒప్పుకొని మొదలుపెడతం.

మాది సిరిసిల్ల దగ్గరి ఊరు. మా సంఘంలో పన్నెండు మందిమి. ఐదుగురు బీడీలు చేస్తరు, నలుగురు కండెలు చుడతరు, మిగతావాళ్లు కుట్టు పని, కూలి పని చేసుకుంటరు. కండెలు చుట్టేది సాంచెలు నడిచే షెడ్డులోనే, లేకపోతే దానికి ఆనుకొని ఉన్న రేకుల అర్రలోనే. పొద్దంతా ఆ టకటక మధ్యనే ఉంటరు. పక్కన మనిషిని పిలవాలంటే చెవి దగ్గరికి వచ్చి అరవాలె, లేకపోతే చేతితో సైగ చేయాలె.

మా కండెలు చుట్టే అక్క ఒకామె ఉన్నది. పేరు చెప్పొద్దన్నది, ముచ్చట మాత్రం చెప్పమన్నది. సంఘం పెట్టిన నాటి నుంచి ఉన్న మనిషి. ఒక్క కిస్తు కూడా ఆపని మనిషి. అట్లాంటి అక్క పోయిన ఏడాది వరుసగా మూడు మీటింగులకు రాలే. మన నియమం మనకు తెలుసు కదా, రాకపోతే పది రూపాయల జరిమానా. మూడు సార్లు రాసినం. నాలుగోసారి వచ్చింది కానీ కూర్చున్న చోటే కునుకు తీసింది. "మీటింగుకు వచ్చి నిద్రపోతవా" అని అందరి ముందట అన్నం. పిలిస్తే పలకలే, ఒకటికి రెండుసార్లు చెప్తే విసుక్కున్నది. "కొడుక్కు నౌకరి వచ్చినంక అక్కకు మేము కనబడుతలేము" అని మాలో ఒకరు అన్నరు. రెండు నెలల కిస్తు ఆగింది. అంతకుముందు "చెవికి చూపించుకుంట" అని సంఘం పొదుపులోంచి ఐదు వేలు తీసుకున్నది. ఏం చూపించుకున్నదో అడగలే, పైసలు ఎప్పుడు కడతవని మాత్రం అడిగినం. ఇంకో నెల ఆగితే కొత్త అప్పు ఇయ్యొద్దని తీర్మానం రాయడానికి పుస్తకం కూడా తీసినం.

ఆ వారంలోనే అక్క బిడ్డ ఏడ్చుకుంట మా ఇంటికి వచ్చింది. రాత్రి రెండు గంటలకు అమ్మ వాకిట్ల కూర్చొని తల గోడకు కొట్టుకుంటున్నదని, "ఇట్ల బతికేకంటే పోవుడే నయం" అంటున్నదని చెప్పింది. మేము ముగ్గురం పోయినం. అప్పుడు అక్క చెప్పిన మాట మాలో ఎవ్వరం మరిచిపోలే. "మీకు సాంచెలు బంద్ అయితే సప్పుడు బంద్ అయితది. నాకు అప్పుడే మొదలైతది" అన్నది.

చెవిలో గుయ్యిమని ఒకటే హోరు. ఒకసారి ఈల లెక్క, ఒకసారి కీచురాయి లెక్క. పగలు షెడ్డులో తెలవదు. రాత్రి అందరు పండుకొని ఇల్లు సల్లబడ్డంక తల నిండా అదే. ఏడాది నుంచి రాత్రికి రెండు మూడు గంటలు కూడా నిద్ర లేదట. తీసుకున్న ఐదు వేలు ఎటు పోయినయంటే, చెవిలో పోసిన పసరుకు, తాయెత్తుకు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కల మందుకు. ఇంట్లోవాళ్లకు ఆ సప్పుడు వినబడదు కాబట్టి "నీకు ఏదో సోకింది" అన్నరు. మేమైతే జరిమానా రాసినం.

తెల్లారి అక్కను తీసుకొని జిల్లా ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి పోయినం. ఒక చెవిలో గట్టిపడ్డ గులిమి తీసిన్రు. బీపీ చూసిన్రు, రక్తం పరీక్ష రాసిన్రు. చెవులకు పెట్టి వినికిడి పరీక్ష చేసిన్రు. రెండు చెవుల్లోనూ సన్నటి సప్పుళ్లు వినే శక్తి తగ్గిందని, ఏండ్ల తరబడి పెద్ద సప్పుడులో పని చేసినందుకే అని చెప్పిన్రు. ఈ హోరును టినిటస్ అంటరట.

మాకు అర్థమైనట్టు చెప్తం. చెవి లోపల వెంట్రుకల్లాంటి సన్నని కణాలు ఉంటయి. సప్పుడును పట్టి మెదడుకు పంపేది అవే. పెద్ద సప్పుడుకు అవి దెబ్బతింటే మళ్లీ మొలవవు. చెవి నుంచి కబురు తగ్గేసరికి మెదడు తానే సౌండు పెంచుకుంటది. స్టేషను దొరకని రేడియోకు సౌండు పెంచితే బుస్సుమంటది కదా, అట్లాంటిదే ఈ హోరు. కాబట్టి అక్కది పిచ్చి కాదు, దయ్యం కాదు.

డాక్టరు ఇంకోటి కూడా చెప్పిండు. ఈ హోరును పూర్తిగా తీసేసే గోళీ లేదు, కానీ బాధ తగ్గించుకోవచ్చు, నిద్ర తెచ్చుకోవచ్చు, సప్పుడే లేని చోట పండుకోవద్దు అన్నడు. మేము ఆశ్చర్యపోయినం. నిద్ర పట్టనోళ్లకు నిశ్శబ్దం కావాలనే కదా మనం అనుకునేది! అప్పుడు అక్కకు యాది వచ్చింది. ఎండాకాలంలో కూలర్ నడిచినన్ని రోజులు ఎంతో కొంత నిద్ర పట్టిందట. చలికాలం కూలర్ మూలకు పెట్టినంకనే నరకం మొదలైందట. చీకటి ఇంట్లో గుడ్డి దీపం కూడా కండ్లల్ల పొడుస్తది, పట్టపగలు అదే దీపం వెలుగుతున్నా తెలవదు. మెత్తటి సప్పుడు ఒకటి పక్కన ఉంటే చెవిలో హోరు కూడా పగటి దీపం లెక్క వెనక్కి పోతది.

చలికాలంలో కూలర్ నడపలేం కదా. అక్క బిడ్డ ఇంటర్ చదువుతున్నది. ఫోనులో వాన సప్పుడు పెడదాం అన్నది. మొదటి రాత్రి యూట్యూబులో ఎనిమిది గంటల వాన వీడియో పెట్టిన్రు. అక్క కండ్లు మూసుకున్నదో లేదో, నడుమ ఒక ప్రకటన పెద్ద గొంతుతో మొత్తుకున్నది. ఇంటిల్లిపాది లేచి కూర్చున్నరు. ఆ రోజు నెట్ కూడా అయిపోయింది. రెండో రోజు ఇయర్ ఫోన్లు పెట్టుకొని, హోరు అసలే వినబడొద్దని సౌండు బాగా పెంచింది. తెల్లారి హోరు ఇంకింత ఎక్కువైంది. ఇది పని చేయదు అని ఫోను పక్కన పడేసింది.

మళ్లీ డాక్టరును అడిగితే తెలిసింది. హోరును మింగేసేటట్టు పెట్టొద్దట. హోరు కొంచెం వినబడుతుండాలె, దానికంటే ఒక మెట్టు తక్కువగా వాన సప్పుడు ఉండాలె. రెండూ కలిసి ఉంటే కొన్ని వారాలకు, నెలలకు మెదడు ఆ హోరును పట్టించుకోవడం మానుకుంటది. మన ఇంటి గోడ గడియారం టిక్కు టిక్కు మనకు వినబడదు, చుట్టాలకు వినబడుతది కదా, అట్ల.

అప్పుడు ప్లే స్టోరులో నెట్ లేకుండా నడిచే ఉచిత యాప్ ఒకటి వేసుకున్నది. వాన, వాగు, ఫ్యాను, సముద్రం అన్నీ ఉన్నయి. అక్కకు వాగు సప్పుడు నచ్చలే, రేకుల మీద వాన నచ్చింది. మొగని పోరు ఒక వారం ఉండె, "ఈ వానేంది నా నెత్తి మీద" అని. ఫోను అక్క తలాపు దిక్కు పెట్టి సౌండు తగ్గించినంక ఆయనకు కూడా అలవాటైంది. ఇప్పుడు ఒక రాత్రి పెట్టకపోతే ఆయనే అడుగుతున్నడు.

అక్కలారా, మీలో ఎవరికైనా ఈ బాధ ఉంటే మేము నేర్చుకున్నవి ఇవి. రాసుకోండి.

1. ముందు డాక్టరు, తర్వాతనే యాప్. గులిమి, చెవిలో చీము, బీపీ, రక్తం తక్కువ ఉండుడు, థైరాయిడ్, కొన్ని నొప్పి గోళీలు, వీటివల్ల కూడా హోరు రావచ్చు. డాక్టరు రాసిన గోళీలు మాత్రం మీ అంతట మీరు బంద్ చేయొద్దు.

2. వినికిడి ఉన్నట్టుండి పోయినా, ఒక్క చెవిలోనే హోరు ఉన్నా, గుండె కొట్టుకున్నట్టు దబ్‌దబ్ అన్నా, కండ్లు తిరిగినా, మూతి వంకర పోయినా ఆలస్యం చేయొద్దు. ముఖ్యంగా ఉన్నట్టుండి వినబడకపోతే అదే రోజు పోవాలె. రోజులు గడిస్తే మందు పని చేసే అవకాశం తగ్గుతది.

3. చెవిలో నూనె, పసరు పోయొద్దు. పిన్నీసు, పుల్ల పెట్టొద్దు.

4. సౌండు హోరు కంటే తక్కువ ఉండాలె. రాత్రి ఇయర్ ఫోన్లు వద్దు, ఫోను స్పీకరు చాలు.

5. ప్లే స్టోరులో 'వైట్ నాయిస్' అనో 'రెయిన్ సౌండ్స్' అనో వెతికితే చాలా వస్తయి. టినిటస్ కోసమే చేసినవి కూడా ఉన్నయి. నెట్ లేకుండా నడిచేది చూసుకోండి. పండుకునేటప్పుడు నెట్ బంద్ చేస్తే నడుమ ప్రకటనల బాధ ఉండదు.

6. వాన సప్పుడు వినిపించే యాప్‌కు మీ ఫోను నంబర్లతో, ఫొటోలతో, మెసేజ్‌లతో పని లేదు. అవి అడిగితే తీసేయండి. పైసలు కట్టమన్నా కట్టొద్దు. అప్పు యాప్‌లతో మనోళ్లు ఎంత గోస పడ్డరో మనకు తెలుసు.

7. నడిరాత్రి సప్పుడు ఆగి మెలకువ వస్తుంటే టైమర్ పెట్టకుండా తెల్లందాక నడవనీయండి. ఫోను దిండు కింద పెట్టొద్దు, వేడెక్కుతది. తెరను బోర్లేయండి. వాన పెట్టి రీల్స్ చూస్తే నిద్ర రాదు.

8. ఫోను లేకపోతే ఫ్యాను, చిన్న రేడియో కూడా పనికొస్తయి.

9. రోజూ ఒకే వేళకు పండుకొని ఒకే వేళకు లేవండి. పొద్దుగూకినంక చాయ్ తగ్గించండి.

10. బతుకు మీద విరక్తి మాట నోట వస్తే తేలికగా తీసుకోవద్దు. 14416 టెలీ మానస్ నంబరు. పైసలు పడవు, రాత్రి పగలు ఉంటరు, తెలుగులో మాట్లాడుతరు. పక్కన కూర్చొని మీరే కలిపి ఇయ్యండి.

ఇక అసలు సంగతి. యాప్ నిద్ర తెస్తది కానీ పోయిన వినికిడిని తేదు. చెడిపోకముందే కాపాడుకోవాలె. 85 డెసిబుళ్ల సప్పుడులో ఎనిమిది గంటల కంటే ఎక్కువ ఉండొద్దని, ప్రతి మూడు డెసిబుళ్లు పెరిగితే ఆ గంటలు సగమైతయని చెప్తరు. సాంచెల షెడ్డులో 90 మామూలుగానే దాటుతది. పెద్ద సప్పుడుతో వినికిడి పోవడాన్ని చట్టం షెడ్యూలులో వృత్తి రోగాల జాబితాలో చేర్చిన్రు. కానీ నలుగురైదుగురు పని చేసే మన షెడ్లకు వచ్చి చూసేవాళ్లు ఎవరు? చెవిలో దూది పెట్టుకుంటే సరిపోదు. చెవులకు పెట్టుకునే ప్లగ్గులు గానీ, మీద పెట్టుకునే మఫ్‌లు గానీ కావాలె. మా నలుగురు కండెల అక్కలకు సంఘం పైసలతో ప్లగ్గులు కొనిచ్చినం. మొదట నవ్విన్రు, ఇప్పుడు పెట్టుకుంటున్నరు.

ఈ ముచ్చట మా మీటింగులో బయట పెట్టినంక ఇంకో ఇద్దరు "నాకు కూడా ఉన్నది" అన్నరు. అందులో ఒకామె మొన్నటిదాక అక్కను "నౌకరి పొగరు" అన్న మనిషే. ఇన్నేండ్లు ఒకే చాప మీద కూర్చొని, ఒకరి చెవుల సంగతి ఒకరికి తెలవకుండా పొదుపు లెక్కలు రాసుకున్నం.

అక్క దగ్గర తీసుకున్న జరిమానా ముప్పై రూపాయలు మేము వాపసు ఇచ్చినం. చిన్న మొత్తమే కానీ తీర్మానం రాసి ఇచ్చినం. వరుసగా రెండు మీటింగులకు ఎవరు రాకపోయినా ముందు ఇంటికి పోయి అడగాలె, జరిమానా ఆ తర్వాతనే, అని మా నియమం మార్చుకున్నం.

సమాఖ్యకు మా విన్నపం రెండే రెండు. మార్చి 3 ప్రపంచ వినికిడి దినం. ఆ రోజు సాంచెలు ఉన్న ఊర్లలో చెవుల పరీక్ష శిబిరం పెట్టేటట్టు ఆసుపత్రివాళ్లను అడగాలె. రెండోది, చెవి ప్లగ్గుల ఖర్చు ఆరోగ్య నిధి నుంచి ఇయ్యాలె. ఈ రెండూ తీర్మానంలో రాయమని కోరుతున్నం.

అక్కకు హోరు పోయిందా అని మీరు అడుగుతరు. పోలే, ఇప్పటికీ ఉన్నది. కానీ రాత్రికి ఐదారు గంటలు పండుకుంటున్నది. ఆగిన రెండు కిస్తులు కట్టింది. మొన్న అడిగితే "ఉన్నది తియ్, వాన పడ్తుంటే దాని మొకం ఎవరు చూస్తరు" అన్నది. ఈ సభలో మీ నడుమనే కూర్చున్నది. ఎవరని అడగకండి, కానీ పక్కన ఉన్న అక్కను ఒకసారి అడగండి, రాత్రి నిద్ర పడుతున్నదా అని.